నొక్కిన కీ ఎవరికి చేరింది?

ఉబుంటు టెర్మినల్‌లో చిన్న సి ప్రోగ్రామ్ ఆగకుండా తిరుగుతోంది. విద్యార్థి లూప్ షరతు తప్పు రాశారు. ఆపాలంటే కంట్రోల్, సి కలిపి నొక్కాలని మొదటి ల్యాబ్‌లోనే చెప్పి ఉన్నారు. నొక్కితే ప్రోగ్రామ్ ఆగకపోగా, తెర మీద ఏదో ప్రశ్న ప్రత్యక్షమైంది. అలవాటు కొద్దీ ఎంటర్ కొట్టగానే పైన మెనూ వరస పోయింది, కింద స్టేటస్ బార్ పోయింది, అక్షరాలన్నీ సాగదీసినట్టు కనబడుతున్నాయి. "సార్, సిస్టమ్ హ్యాంగ్ అయిపోయింది!" అని కేక. ల్యాబ్ అసిస్టెంట్ వచ్చి పవర్ బటన్ నొక్కిపట్టి కంప్యూటర్ ఆపేస్తారు. సేవ్ చేయని కోడ్ దాంతోపాటే పోతుంది.

నిజానికి అక్కడ ఏదీ హ్యాంగ్ కాలేదు. ఎడమ కంట్రోల్ నొక్కి ఉంటే ప్రోగ్రామ్ మరుక్షణమే ఆగేది. ఆ విద్యార్థి నొక్కింది కుడి కంట్రోల్. విండోస్ లోపల ఉబుంటును నడిపిస్తున్న వర్చువల్‌బాక్స్ సాఫ్ట్‌వేర్ ఆ కీని తన సొంతానికి అట్టేపెట్టుకుంది. దానికి 'హోస్ట్ కీ' అని పేరు. హోస్ట్ కీతో సి కలిస్తే 'స్కేల్డ్ మోడ్' మొదలవుతుంది. అంటే లోపలి తెరను విండో కొలతకు సాగదీసి, మెనూలన్నీ దాచేస్తుంది. మళ్లీ కుడి కంట్రోల్, సి నొక్కితే అంతా యథాస్థితికి వస్తుంది. ఈ చిన్న సంగతి తెలియక పోగొట్టుకున్న పనిని విద్యార్థి తన చేతగానితనం కింద జమకట్టుకోవడమే ఇందులో బాధ కలిగించే విషయం.

ఇలాంటి విద్యార్థులు ఎక్కువగా కనబడే ఊరు ఒకటి చూద్దాం. విశాఖపట్నం శివారులోని దువ్వాడ అంటే ఒకప్పుడు రైల్వే స్టేషను, ఆ పక్కనే ఉక్కు కర్మాగారం గుర్తొచ్చేవి. 1989లో ఇక్కడికి ఎగుమతుల ప్రాసెసింగ్ జోన్ మంజూరైంది. 2003లో అదే విశాఖపట్నం ప్రత్యేక ఆర్థిక మండలంగా మారింది. 2002లో విజ్ఞాన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ వచ్చింది. ఇప్పుడు కూర్మన్నపాలెం, గాజువాక వైపు బీటెక్ పిల్లలు కనబడని వీధి లేదు. ఇలాంటి ఊళ్లలో ఇంజనీరింగ్ చదివే ఇంట్లో సాధారణంగా ఉండేది ఒకే ల్యాప్‌టాప్, అందులో విండోస్. నేర్చుకోవలసింది మాత్రం లినక్స్. ఇంట్లో అందరూ వాడుకునే విండోస్‌ను చెరపకుండా లినక్స్ నేర్చుకోవడానికి ఖర్చు లేని దారి వర్చువల్ మెషీన్, వాడుక మాటలో 'వీఎం'. కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ ఉన్నట్టు నటించే సాఫ్ట్‌వేర్ అది. బయటి విండోస్‌ను హోస్ట్ అంటారు, లోపలి ఉబుంటును గెస్ట్ అంటారు. ఇద్దరికీ కలిపి ఉన్నది ఒకే కీబోర్డు, ఒకే మౌసు. గొడవంతా అక్కడే పుడుతుంది.

ఈ గొడవ వయసు అర్ధ శతాబ్దం పైమాటే. 1972లో ఐబీఎం తన పెద్ద కంప్యూటర్ల కోసం వీఎం/370 అనే వ్యవస్థను ప్రకటించింది. ఒకే యంత్రం మీద ఎందరో వినియోగదారులు ఎవరి 'కంప్యూటర్'ను వారు నడుపుకునేవారు. లోపలి వ్యవస్థ నుంచి బయటి నియంత్రణ ప్రోగ్రామ్‌తో మాట్లాడాలంటే టెర్మినల్ మీద పీఏ1 అనే కీ ఉండేది. ఈనాటి హోస్ట్ కీకి పూర్వీకురాలు అదే. అయితే పీఏ1 ఆ టెర్మినళ్ల మీద విడిగా ఉండే కీ. దానితో అక్షరాలేవీ టైపు చేయరు. మన ల్యాప్‌టాప్‌ల మీద అలాంటి ఖాళీ కీ లేదు. అందుకే వీఎం తయారీదారులంతా రోజూ మనం వాడే కీలలోంచే ఒకటో రెండో లాక్కున్నారు.

దువ్వాడ దగ్గర రైళ్లు రెండు దారులు పడతాయి. కొన్ని విశాఖపట్నం స్టేషన్లోకి వెళ్లి, ఇంజను రెండో వైపుకు మార్చుకుని బయటికి వస్తాయి. కొన్ని ఊళ్లోకి వెళ్లకుండా సింహాచలం నార్త్ మీదుగా కొత్తవలస వైపు సాగిపోతాయి. ఏ బండి ఎటు అన్నది దువ్వాడలోనే తేలిపోతుంది. వీఎం ముందు కూర్చుని నొక్కే ప్రతి కీ కూడా ఇలాంటి జంక్షన్లు దాటుకుంటూ పోవాలి. మొదట కీబోర్డు లోపలి చిప్. ఎఫ్ఎన్ కీ లాంటివి అక్కడే ఆగిపోతాయి. ఆ తర్వాత విండోస్. ఆపైన గ్రాఫిక్స్ డ్రైవరు, స్క్రీన్ రికార్డర్, గేమ్ బార్ లాంటి చిల్లర ప్రోగ్రాములు. ఆ తర్వాత వర్చువల్‌బాక్స్ లేదా అలాంటిదే అయిన వీఎంవేర్. అదీ దాటితే లోపలి ఉబుంటు. చివరికి మనం నిజంగా ఉద్దేశించిన ఎడిటరో టెర్మినలో. దారిలో ఏ ఒక్కరు "ఇది నాది" అన్నా కీ అక్కడే ఆగిపోతుంది. కాబట్టి అనుకోని పని జరిగినప్పుడు అడగవలసిన ప్రశ్న ఒకటే: నా కీని ఎవరు తీసుకున్నారు?

వర్చువల్‌బాక్స్ సంగతి వివరంగా చూడాలి, ఎందుకంటే ఉచితం కావడంతో విద్యార్థుల చేతుల్లోకి ముందుగా చేరేది అదే. జర్మనీకి చెందిన ఇన్నోటెక్ అనే సంస్థ దీన్ని 2007లో ఓపెన్ సోర్స్‌గా విడుదల చేసింది. 2008లో సన్ మైక్రోసిస్టమ్స్ చేతికి, 2010లో సన్‌తోపాటు ఒరాకిల్ చేతికి వచ్చింది. విండోస్, లినక్స్ కంప్యూటర్ల మీద దీని హోస్ట్ కీ కుడి కంట్రోల్, మ్యాక్ మీద ఎడమ కమాండ్. ఇక చిక్కు చూడండి. ఎడిటర్లో కంట్రోల్-ఎస్ అంటే సేవ్. కుడి కంట్రోల్‌తో నొక్కితే వీఎం సెట్టింగులు తెరుచుకుంటాయి. కంట్రోల్-ఎఫ్ అంటే వెతకడం, కుడి చేత్తో అయితే ఫుల్ స్క్రీన్. టెర్మినల్ శుభ్రం చేసే కంట్రోల్-ఎల్, గెస్ట్ అడిషన్స్ అనే అదనపు సాఫ్ట్‌వేర్ ఉబుంటులో ఉన్నచోట, సీమ్‌లెస్ మోడ్‌ను తెచ్చి ఉబుంటు విండోలను విండోస్ డెస్క్‌టాప్ మీద పరిచేస్తుంది. ముందటి ఆదేశాన్ని తెచ్చే కంట్రోల్-పి వీఎంనే పాజ్ చేస్తుంది. తెర కదలకుండా నిలిచిపోతుంది, చూసినవాళ్లు హ్యాంగ్ అనుకుంటారు. అన్నిటికంటే ప్రమాదకరమైనది కంట్రోల్-ఆర్. పాత ఆదేశాలు వెతకడానికి లినక్స్ నేర్చినవాళ్లు రోజుకు పదిసార్లు వాడే కీలు అవి. హోస్ట్ కీతో ఆర్ అంటే రీసెట్. నడుస్తున్న కంప్యూటర్‌కు కరెంటు తీసి పెట్టడంతో సమానం. ముందు ఒక హెచ్చరిక వస్తుంది, నిజమే. కానీ కంగారులో ఎంటర్ కొట్టే వేలిని హెచ్చరిక ఆపలేదు.

దీనికి మందు వర్చువల్‌బాక్స్‌లోనే ఉంది. ఫైల్ మెనూలో ప్రిఫరెన్సెస్, అందులో ఇన్‌పుట్ తెరిస్తే షార్ట్‌కట్ల పట్టిక మొత్తం కనిపిస్తుంది. వర్చువల్ మెషీన్ అనే విభాగంలో మొదటి వరసలోనే హోస్ట్ కీ ఉంటుంది. దాన్ని మార్చుకోవచ్చు, రెండు మూడు కీల కలయికగా కూడా పెట్టుకోవచ్చు. కింద రీసెట్, పాజ్, స్కేల్డ్ మోడ్ లాంటి వాటి ఎదురుగా ఉన్న అక్షరాన్ని చెరిపేస్తే ఇక ఆ షార్ట్‌కట్ ఉండదు. పని మాత్రం మెనూలో అలాగే ఉంటుంది, కావాలంటే మౌస్‌తో చేసుకోవచ్చు. అదే పేజీలో 'ఆటో క్యాప్చర్ కీబోర్డ్' అనే టిక్ ఉంటుంది. అది ఉన్నంతసేపు వీఎం విండో మీద ఉన్నప్పుడు ఆల్ట్-ట్యాబ్ కూడా లోపలికే పోతుంది. టిక్ తీసేస్తే ఆల్ట్-ట్యాబ్ మళ్లీ విండోస్‌కు దక్కుతుంది. మెనూ మాయమై దారి తోచనప్పుడు హోస్ట్ కీతో హోమ్ కీ నొక్కితే దాగిన మెనూ పాప్‌అప్‌గా వస్తుంది. ఇది ఒక్కటి గుర్తుంచుకున్నా చాలు, పవర్ బటన్ దాకా చెయ్యి పోదు.

2024 నుంచి ఇంకో చిక్కు తోడైంది. ఆ ఏడాది జనవరిలో మైక్రోసాఫ్ట్ విండోస్ కీబోర్డులకు కోపైలట్ అనే ఏఐ సహాయకుడిని పిలిచే కీని ప్రకటించింది. 1990ల నడుమ విండోస్ కీ వచ్చాక కీబోర్డులో చేసిన మొదటి పెద్ద మార్పు ఇది. చాలా ల్యాప్‌టాప్‌లలో ఆ కొత్త కీ వచ్చి కూర్చున్నది సరిగ్గా కుడి కంట్రోల్ స్థానంలో. చూడటానికి ఒకే కీ అయినా అది విండోస్‌కు పంపేది ఎడమ షిఫ్ట్, విండోస్ కీ, ఎఫ్23 అనే మూడింటి కలయిక. కొత్త ల్యాప్‌టాప్ కొన్న విద్యార్థి వర్చువల్‌బాక్స్ తెరిస్తే తెర కింద మూల 'రైట్ కంట్రోల్' అని ఉంటుంది. కీబోర్డు మీద అలాంటి కీయే ఉండదు. మౌస్ లోపల ఇరుక్కుంటే బయటికి తీసే కీ లేదు!

అలాంటివారు వీఎం మొదలుపెట్టకముందే హోస్ట్ కీ మార్చుకోవాలి. కుడి ఆల్ట్ బాగుంటుంది కదా అనిపిస్తుంది. అయితే 'ఇంగ్లిష్ (ఇండియా)' కీబోర్డులో రూపాయి గుర్తు ₹ వచ్చేది కుడి ఆల్ట్, 4 కలిపి నొక్కితేనే. దాన్ని హోస్ట్ కీగా ఇచ్చేస్తే లోపల రూపాయి టైపు చేయడం కష్టమవుతుంది. మెనూ కీ ఉన్న కీబోర్డయితే అది వాడుకోవచ్చు. లేకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఆల్ట్ మూడూ కలిపి పెట్టుకోవడం మేలు. పొరపాటున మూడు కీలు ఒకేసారి నొక్కేవాళ్లు తక్కువ.

పొరపాటున నొక్కకుండా చూడాలన్న ఆలోచన కీబోర్డు చరిత్రలో లేకపోలేదు. 1981లో వచ్చిన ఐబీఎం పీసీ బృందంలోని డేవిడ్ బ్రాడ్లీ కంప్యూటర్‌ను తిరిగి మొదలుపెట్టడానికి మొదట కంట్రోల్, ఆల్ట్, ఎస్కేప్ అనుకున్నారు. ఆ మూడూ ఒకే వైపున ఉండటంతో ఎడమ చెయ్యి తగిలి యంత్రం రీసెట్ అయ్యే ప్రమాదం కనిపించింది. అందుకని ఎస్కేప్ బదులు కీబోర్డు అవతలి వైపున్న డిలీట్ పెట్టారు. రెండు చేతులూ కావాలి, అంటే మనసులో ఉద్దేశం ఉండి తీరాలి. తర్వాత విండోస్ ఎన్‌టీ ఆ మూడింటినీ లాగిన్ భద్రతకు వాడుకుంది. అప్పటినుంచి ఆ కీలు నేరుగా విండోస్ గుండెకే పోతాయి, మధ్యలో మరే ప్రోగ్రామూ అందుకోలేదు. అందుకే వీఎం లోపలి విండోస్‌కు కంట్రోల్-ఆల్ట్-డిలీట్ పంపాలంటే దొడ్డిదారి కావాలి. వర్చువల్‌బాక్స్‌లో హోస్ట్ కీతో డిలీట్, వీఎంవేర్‌లో కంట్రోల్-ఆల్ట్-ఇన్సర్ట్, మైక్రోసాఫ్ట్ వారి వీఎం సాఫ్ట్‌వేర్ హైపర్-వీలో కంట్రోల్-ఆల్ట్-ఎండ్.

వీఎంవేర్ వర్క్‌స్టేషన్ పుట్టింది 1999లో. బ్రాడ్‌కామ్ చేతికి వచ్చాక 2024 నవంబరు నుంచి అందరికీ ఉచితం చేశారు, దాంతో విద్యార్థులు ఇటు కూడా వస్తున్నారు. ఇక్కడ బయటికి తెచ్చే కీలు కంట్రోల్, ఆల్ట్. ఉబుంటులో టెర్మినల్ తెరిచేది కంట్రోల్-ఆల్ట్-టి. ఇంటెల్లిజె ఎడిటర్లో కోడ్‌ను సర్దేది కంట్రోల్-ఆల్ట్-ఎల్. రెండూ ఆ జంటతోనే మొదలవుతాయి కాబట్టి తరచూ మౌసు, కీబోర్డు బయటికి జారిపోతుంటాయి. ఎడిట్ మెనూలో ప్రిఫరెన్సెస్, హాట్ కీస్ దగ్గర షిఫ్ట్ కూడా కలిపితే ఈ తగాదా తీరుతుంది.

హైపర్-వీ వాడేవాళ్లను బెంబేలెత్తించిన సంఘటన వేరు. పాత వీఎంల్లో మౌస్‌ను విడిపించడానికి కంట్రోల్, ఆల్ట్, ఎడమ బాణం నొక్కాలి. పాత ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్లకు అవే కీలు తెరను పక్కకు తిప్పే ఆజ్ఞ. మౌస్ బయటికి రావాలని నొక్కితే తెర మొత్తం అడ్డంగా పడిపోయేది! కంట్రోల్-ఆల్ట్-పై బాణం నొక్కితే తెర నిలబడుతుంది. ఇంటెల్ సెట్టింగుల్లో హాట్ కీలు ఆపేస్తే మళ్లీ పడదు. హైపర్-వీలోనూ మౌస్ విడుదల కీని మార్చుకునే వీలుంది.

మౌస్ ఇరుక్కుపోవడానికి కారణం కూడా తెలుసుకుంటే భయం పోతుంది. మామూలు మౌస్ "ఇటు ఇంత కదిలాను" అని మాత్రమే చెబుతుంది, తెర మీద ఫలానా చోట ఉన్నానని చెప్పదు. కాబట్టి వీఎం దాన్ని పూర్తిగా తన అధీనంలోకి తీసుకుంటే తప్ప లోపలి బాణాన్ని నడపలేదు. వర్చువల్‌బాక్స్‌లో గెస్ట్ అడిషన్స్, వీఎంవేర్‌లో వీఎంవేర్ టూల్స్ ఇన్‌స్టాల్ చేస్తే బాణం ఎక్కడుందో రెండు వైపులా తెలుస్తుంది, లోపలికీ బయటికీ స్వేచ్ఛగా తిరుగుతుంది. బాగా తిరిగే మౌస్ ఒక్కసారిగా ఇరుక్కుందంటే హోస్ట్ కీతో ఐ నొక్కారేమో చూడాలి. అది ఈ ఏర్పాటును ఆపేసే షార్ట్‌కట్. టచ్‌ప్యాడ్ మీద మూడు వేళ్లతో చేసే సైగలు సాధారణంగా విండోస్ దాటి లోపలికి రావు. మౌస్ చక్రం నొక్కితే ఉబుంటులో ఎంపిక చేసిన పాఠ్యం అతుక్కుంటుంది. ఇది లినక్స్ అలవాటు, వీఎం తప్పు కాదు.

తెలుగు టైపు చేసేవారి బాధ ప్రత్యేకం. విండోస్‌లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ పెట్టుకుని వీఎంలోకి వెళితే అక్కడ ఇంగ్లిషు అక్షరాలు పడుతుంటాయి. వీఎంకు చేరేది అక్షరం కాదు, ఏ స్థానంలోని కీ నొక్కారన్న సంకేతం. 'క' అనే సంగతి లోపలికి వెళ్లదు, ఫలానా కీ అన్నదే వెళుతుంది. దాన్ని ఏ అక్షరంగా చదవాలన్నది గెస్ట్ నిర్ణయం. కాబట్టి లోపలి ఉబుంటులో కూడా తెలుగు కీబోర్డు చేర్చుకోవాలి. పాత పేజ్‌మేకర్‌ను, అను ఫాంట్లను వదులుకోలేక విండోస్ ఎక్స్‌పీని వీఎంలో నడుపుకునే డీటీపీవారికి కూడా ఇదే వర్తిస్తుంది. భాష మార్చే విండోస్-స్పేస్, ఆల్ట్-షిఫ్ట్ కీలు ఏ వైపు చేరుతున్నాయో ముందుగా ఒకసారి నొక్కి చూసుకోవాలి. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ భద్రతా మద్దతు 2014 ఏప్రిల్‌లో ఆగిపోయింది, కాబట్టి ఆ వీఎంకు ఇంటర్నెట్ ఇవ్వకపోవడమే క్షేమం.

వీఎం మన ల్యాప్‌టాప్‌లో కాక ఎక్కడో క్లౌడ్‌లో ఉండి, బ్రౌజర్లో కనిపిస్తుంటే ఇంకో తగాదా. నానో ఎడిటర్లో వెతకడానికి కంట్రోల్-డబ్ల్యూ. టెర్మినల్లో ఒక పదం చెరపడానికీ అదే. బ్రౌజర్‌కు మాత్రం అది ట్యాబ్ మూసేయమన్న ఆజ్ఞ. ఆన్‌లైన్ ల్యాబ్ పరీక్ష మధ్యలో ట్యాబ్ మూసుకుపోతే గుండె ఆగినంత పనవుతుంది. విండోస్ 10లో 2018 నుంచి, దూరంలోని కంప్యూటర్‌ను టెర్మినల్ నుంచే అందుకునే ఎస్ఎస్‌హెచ్ సౌకర్యం ముందే ఉంటోంది. సంస్థ అనుమతిస్తే బ్రౌజర్ వదిలి దానిద్వారా కలవడం మంచి పద్ధతి.

ఇక ఏ కీ ఎక్కడ ఆగిందో కనుక్కునే పరీక్ష ఉంది. లినక్స్ గెస్ట్‌లో ఎక్స్, ఈ, వి అనే మూడక్షరాల ఆదేశం ఇస్తే చిన్న తెల్లని విండో వస్తుంది. దానిమీద ఉండి కీ నొక్కితే టెర్మినల్లో దాని వివరం పడుతుంది. పడిందంటే కీ లోపలికి వచ్చింది, దోషం ఉబుంటు సెట్టింగుల్లోనో ఎడిటర్లోనో ఉంది. పడలేదంటే, అది ఉబుంటు డెస్క్‌టాప్ సొంత షార్ట్‌కట్ కాకపోతే, బయటే ఎవరో పట్టుకున్నారు. అప్పుడు విండోస్‌లో నడుస్తున్న రికార్డర్లు, గేమ్ బార్, గ్రాఫిక్స్ ప్రోగ్రాములు ఒక్కొక్కటీ ఆపి చూడాలి. అక్షరాలన్నీ ఒక్కసారిగా మెనూలు తెరుస్తుంటే మాత్రం ఇంత వెతుకులాట అక్కర్లేదు. ఆల్ట్-ట్యాబ్‌తో బయటికి వచ్చినప్పుడు ఆల్ట్ వదిలిన సంగతి లోపలికి తెలియక, అక్కడ ఇంకా నొక్కి ఉన్నట్టే ఉండిపోతుంది. కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్, విండోస్ కీలు రెండు వైపులవీ ఒక్కొక్కటి నొక్కి వదిలితే సర్దుకుంటుంది. షిఫ్ట్ అయిదుసార్లు వరసగా నొక్కితే వచ్చే స్టిక్కీ కీస్ ప్రశ్నకు పొరపాటున అవునని చెప్పినా ఇలాంటి లక్షణాలే కనిపిస్తాయి. వేళ్లు సరిగా పనిచేయనివారికి అది ఎంతో అవసరమైన సౌకర్యం కాబట్టి ల్యాబ్ కంప్యూటర్లలో పూర్తిగా తీసేయకూడదు.

రీసెట్ లాంటి ప్రమాదకరమైన పనిని రెండు కీల దూరంలో, అదీ రోజూ వాడే కంట్రోల్ కీ మీద పెట్టడం తప్పుడు రూపకల్పన. దాన్ని మొదటే ఆపి ఉంచి, కావాలన్నవాళ్లు పెట్టుకునేలా చేయాలి. తయారీదారులు మార్చేదాకా ఆ పని ల్యాబులు చూసే అధ్యాపకులు, సిబ్బందే చేయాలి. సెమిస్టర్ మొదలవకముందే ప్రతి కంప్యూటర్లో రీసెట్, పాజ్, స్కేల్డ్ మోడ్ షార్ట్‌కట్లు చెరిపేయండి. వర్చువల్‌బాక్స్ ఈ సెట్టింగులను విండోస్ ఖాతా వారీగా దాచుకుంటుంది. విద్యార్థులు వేర్వేరు ఖాతాలతో లాగిన్ అయ్యే చోట ఒక ఖాతాలో మార్చి ఊరుకుంటే సరిపోదు, అన్నిటిలోనూ మార్చాలి. హోస్ట్ కీ ఏదో, దానితో హోమ్ కీ నొక్కితే మెనూ వస్తుందన్న సంగతీ తెలుగులో రాసి మానిటర్ పక్కన అంటించండి.